పొగ తూకం

ఆటోనగర్‌లో మా షెడ్డుకి
మూడు వైపులే గోడలు.
నాలుగో వైపు పొగే కట్టుకుంది.

ఇరవై రెండేళ్లుగా పంపు కేసింగులు పోస్తున్నాం.
ఇసుకలో అచ్చు, అచ్చులో నిప్పు,
చల్లారాక సుత్తితో ఒక్క దెబ్బ.
గంటలా మోగితే సరుకు,
మూగబోతే మళ్ళీ కొలిమికి.
మాకు తెలిసిన నాణ్యతా పత్రం అదొక్కటే.

మార్చిలో జర్మనీ నుంచి ఉత్తరం.
సరుకు బాగుంది, ధర బాగుంది,
ఇకమీదట దాంతోపాటు
దాని పొగ ఎంతో కూడా రాసి పంపండి,
కిలో ఇనుముకి ఎన్ని కిలోలో.

మా అచ్చుల మేస్త్రి బోర అప్పలస్వామి
నోట్లో బీడీ తీసి అడిగాడు:
"పొగని తూస్తారేటి బావూ?
కాటా మీద నిలబడతాదేటది?"
నవ్వేశాను.
ఆ రాత్రి నిద్ర పట్టలేదు,
సగం ఆర్డర్లు వాళ్ళవే.

అప్పుడొచ్చింది పిల్లా వెన్నెల.
ఇంటిపేరే పిల్లా. కార్డు చూసి
మా ఆడిటర్ రెండుసార్లు నవ్వాడు,
మూడోసారి ఆమె నవ్వనివ్వలేదు.
మధురవాడ కొండ మీద అద్దె బల్ల,
ముగ్గురు మనుషులు, ఒక అప్పు,
కంపెనీకి ఇంకా పేరు కుదరలేదట.
"ముందు డబ్బులొద్దు సార్,
మూడేళ్ల కరెంటు బిల్లులివ్వండి" అంది.

కొలిమికి మీటరు బిగించింది.
జనరేటర్ తాగే డీజిలు,
తుక్కు తెచ్చే లారీ, ఇసుక తెచ్చే లారీ,
ఆఖరికి టీ స్టవ్ దగ్గర కూడా ఆగితే
కుర్రాడు గిన్నె మీద మూత పెట్టేశాడు,
"ఇది ఎగుమతి కాదక్కా."

"అక్కడి ఫ్యాక్టరీ తన పొగకి డబ్బు కడుతుంది.
కట్టని పొగ ఇనుములో దాక్కుని రాకూడదని
బ్రస్సెల్స్‌లో కూర్చుని గుమ్మంలో తూకం పెట్టారు"
అని ఆమె చెబుతుంటే
అప్పలస్వామి ఇసుక దులుపుకుంటూ,
"మరి ఆళ్ళ తాతలు ఒగ్గిన పొగకి
ఎవులు కట్టారమ్మా?"

వెన్నెల ఫారం కిందికీ పైకీ జరిపింది.
"ఆ గడి లేదు తాతా."

కాసేపాగి, ఎవరూ అడక్కుండానే:
"మాది కోట వీధి సార్.
డాబా మీద ఆరేసిన తెల్ల యూనిఫాం
మా అమ్మ సాయంత్రం మళ్ళీ ఉతికేది.
కిటికీ పట్టె మీద పేరుకున్న నలుపులో
వేలితో ఎక్కాలు రాసుకునేదాన్ని.
పొగ లెక్క అక్కడే వచ్చింది నాకు,
కొనేవాడు దొరకడానికే ఇన్నేళ్లు పట్టింది."

మన ఊరి నలుపుకి మన ఊళ్ళో ధర లేదు,
ఓడెక్కితే యూరోల్లో ఉంది.
ఈ మాట నేను పైకి అనలేదు.

పదిహేను రోజులకి ఒక గీత చూపించింది.
రాత్రి ఒంటిగంట నుంచి మూడు దాకా
మా కొలిమి ఉత్తినే మండుతోంది.
ఎందుకో నాకు తెలీదు, సూపర్‌వైజర్‌కి తెలీదు.
అప్పలస్వామికి గుర్తుంది:
మూడింటికి రాయపూర్ తుక్కు లారీ వచ్చేది,
పదకొండేళ్ల కిందట మానేసింది.
కొలిమికి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఒంటిగంటకి ఆపేస్తున్నాం.
అలవాటు కొద్దీ మెలకువొచ్చి
ఒకరోజు షెడ్డుకి వెళ్ళాను.
నాలుగో వైపున
యారాడ కొండ ఉంది.
ఇన్నాళ్లూ అక్కడే ఉన్నట్టుంది.

లెక్క జర్మనీ ఒప్పుకుంది.
వచ్చే ఏడాదికి ఫారం మారుతుందని కూడా రాసింది.
పెట్టుబడి పెట్టే పెద్దమనిషి ఒకాయన
బీచ్ రోడ్ హోటల్లో వెన్నెలని అడిగాడట,
"రేపు వాళ్ళు ఆ రూలే ఎత్తేస్తే
నీ కంపెనీ ఏమవుతుంది?"
ఏం చెప్పావమ్మా అన్నాను.
"కాఫీ చల్లారిపోయింది సార్" అంది.

నిన్న మళ్ళీ వచ్చింది.
కేసింగు మీద అప్పలస్వామి సుత్తి వెయ్యబోతుంటే
ఆగమని, ఫోను దగ్గరగా పెట్టింది.
"దీన్ని కూడా ఫారంలో రాస్తారేటి?"
"లేదు తాతా, ఇది నాకు. కొట్టు."

కొట్టాడు.
మోగింది.
ఇద్దరూ చెవులొగ్గి నిలబడ్డారు
అది పూర్తిగా ఆగేదాకా.